తెరచాటు స్టూలు

రెండో అంకానికి దీపాలు ఆరుతున్నాయి. ఈ నాటకాల హాల్లో దీపాలు ఒక్కసారే ఆరవు. ముందు గోడలవి, తర్వాత మెట్ల పక్కవి, ఆఖరున నెత్తిమీది పెద్ద గుత్తి. ఆ గుత్తి పూర్తిగా నల్లబడేలోగా ఫోన్లు బంద్ చేయాలి. నల్లటి పొడుగు అబాయా వేసుకున్న ఆడపిల్ల చిన్న టార్చి పట్టుకుని వరస చివర నిలబడి ఉంది. ఎవరి మొఖం మీద ఫోను వెలుగు కనబడినా ఒక్క మాట అనదు, ఆ మొఖం వైపు టార్చి తిప్పుతుంది, అంతే. పెద్దోడికీ చిన్నోడికీ ఒకే తీరు నడిచే చోటు లింబాద్రి మస్కట్‌లో ఇదొక్కటే చూశాడు, అందుకైనా దీని మీద గౌరవం. అతని ఫోను ఇంకా వెలుగుతోంది. కోరుట్ల నుంచి కూతురు వాణి రాసింది అట్లాగే ఉంది. నాయినా, స్టూడియో ఆయన ఎనిమిదింటికి షాపు బంద్ చేస్తడట, ఎల్లుండికి ఫ్రేము కావాలంటే ఇయ్యాలనే చెప్పాలె, అమ్మది ఏ ఫోటో పెట్టాలె, అవునన్న చెప్పు, కాదన్న చెప్పు. ఇక్కడ ఐదు, అక్కడ ఆరున్నర. టార్చి అతని వైపు తిరిగింది. లింబాద్రి ఫోను బంద్ చేసి కోటు లోపలి జేబులో వేశాడు. మూడేళ్లుగా ఇవ్వని జవాబు ఇంకో గంట ఆగితే ఏం పోతుంది.

ఎల్లుండికి పెండ్లాం చిన్నవ్వ పోయి మూడేళ్లు. మూడేళ్లుగా ఇంట్లో గోడ మీద ఆమె ఫోటో లేదు, లింబాద్రి పెట్టనివ్వలేదు. మొగుడై ఉండి పెండ్లాం ఫోటోకు మేకు కొట్టనీయని వాడు మన కులంలో ఎవడన్న ఉన్నడా అని బావమరిది లచ్చన్న పది మందిలో అడిగాడు. అప్పటి నుంచి లింబాద్రికి లచ్చన్నతో మాటల్లేవు. ఉన్నవి రెండే ఫోటోలు. ఒకటి ఆధార్ కార్డుది, అందులో చిన్నవ్వ దొంగతనంలో దొరికినదానిలా గుడ్లు తెరిచి చూస్తుంది. రెండోది లచ్చన్న పెట్టెలో వాణికి దొరికింది, లచ్చన్న పెండ్లి ఊరేగింపులో ఎవరో తీసింది. చిన్నవ్వకు పదిహేడేళ్లు, చేతులు పైకి లేపి ఉంది, ఒక కాలు నేల మీద లేదు. మొఖం స్పష్టంగా ఉంది, కాళ్లు మసకగా ఉన్నాయి, కదులుతున్నాయి కనుక. స్టూడియో ఆయన ఆ మొఖం వరకు కోసి, తన దగ్గరున్న పట్టుచీర బొమ్మకు అతికించి, వెనక నీలం ఆకాశం పెడతాడట, అందరూ అట్లాగే పెట్టించుకుంటారట. లింబాద్రి ఏదీ వద్దన్నాడు. ఎందుకు వద్దని వాణి అడిగితే ఏం చెబుతాడు. మీ అమ్మ ఆఖరి మాటగా నాతోటి ఫోనుల నవ్వింది బిడ్డా, ఆ నవ్వు శాపమో ఎగతాళో నాకింకా తెలవదు, తెలిసేదాకా ఆ మొఖం కింద కూచుని బుక్కెడు బువ్వ తినలేనని చెబుతాడా. కూతురికి చెప్పే మాటేనా అది.

తెర లేచింది. అన్నీ పోయాయి. ఎట్లా పోతాయో అతనికి ఇప్పటికీ అర్థం కాదు, తొమ్మిదేళ్లుగా చూస్తున్నాడు, తెర లేచిన ప్రతిసారీ కోటు చేతుల లోపల వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. సముద్రం ఉంది, నిజంగా లేదు, నీలం గుడ్డ, పలచటి వెలుగు. ఒడ్డున దీపస్తంభం, దాని పైన దీపం. దీపం కాపలాదారు కూతురి కథ ఇది. మొదటి అంకంలో ఆమె ప్రేమించిన వాడు పడవలో పోయాడు. ఇప్పుడు తుఫాను, తండ్రి లేవలేని రోగంతో పడ్డాడు, దీపం తిప్పేవాళ్లు లేరు. ఆ పిల్ల తిరుగుతుంటేనే దీపం తిరుగుతుంది, ఆమె ఆగితే దీపం ఆగుతుంది, పడవ రాళ్లకు కొట్టుకుంటుంది. ఒక్క మాట లేదు, ఒక్క పాట లేదు, ఏడో తరగతితో బడి ఆపేసిన వాడికి ఇదంతా ఎవరు చెప్పారు. కాళ్లే చెప్పాయి. ఆమె వచ్చింది. చప్పుడు లేదు. మునివేళ్ల మీద, గట్టిగా చెప్పాలంటే వేళ్ల గోళ్ల మీద, మనిషి బరువంతా రూపాయి బిళ్లంత జాగాలో పెట్టి వచ్చింది. దూకింది. పైకి లేవడం వింత కాదు, మేకపిల్ల కూడా లేస్తుంది. దిగడం వింత. దిగినప్పుడు నేలకు తెలియదు. వెయ్యి మంది ఊపిరి బిగబట్టిన ఆ మౌనంలో ఆమె నేలను ముట్టుకుంది, నేల ఊరుకుంది.

ఆ డ్యాన్సు ఆమె ఇక్కడికి రావడం ఇది మూడోసారి. పేరు నోరు తిరగదు. ఆటకు ముందు పంచే కాగితం మీద అక్షరాల వరస చూసి గుర్తుపడతాడు, ఆ కాగితాలన్నీ సీబ్‌లో డ్రైవర్ గదిలో పరుపు కింద ఉన్నాయి. ఎనిమిదేళ్ల కింద ఆమె వెనక వరసలో ఆడింది, నాలుగేళ్ల కింద రెండో పాత్ర, ఇప్పుడు నడిమధ్యన ఆమే. వయసు వచ్చింది, మెడ దగ్గర తెలుస్తుంది. పెద్ద పని మొదలుపెట్టే ముందు కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గాలిని నలుపుతుంది, ఎవరూ చూడరు, లింబాద్రి చూస్తాడు. బీడీ చుట్టే వేళ్లు అట్లా కదులుతాయి. చిన్నవ్వ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది, నిద్రలో కూడా ఆ రెండు వేళ్లూ ఆకును మలుస్తూనే ఉండేవి. మొదటిసారి ఆ వేళ్లు చూసినప్పుడు సీటులోంచి సగం లేచి నిలబడ్డాడు, వెనకామె గుడ్లు ఉరిమింది.

ఇదంతా అస్రా పుణ్యం. లింబాద్రి హౌస్ డ్రైవర్‌గా ఉన్న విల్లాలో పెద్ద పిల్ల. ఆరేళ్లప్పటి నుంచి దాన్ని బ్యాలే డ్యాన్సు క్లాసుకు తీసుకుపోయేవాడు, అద్దాల తలుపు బయట నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడేవాడు. వచ్చేటప్పుడు వెనక సీట్లో పడుకుని రెండు పాదాలూ సాగదీసి అతని తల పక్కన పెట్టి, లింబా, షూఫ్, చూడు అనేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూసేవాడు. దానికి పదేళ్లప్పుడు ఒకసారి వాళ్లమ్మకు జ్వరం వచ్చింది, ఇక్కడి ఆటకు టికెట్లు ఉన్నాయి, పిల్ల ఏడ్చింది. కోటు లేనిదే లోపలికి రానివ్వరని విల్లా యజమాని బాబా తన పాత కోటు తీసి డ్రైవర్‌కు తొడిగించాడు. అట్లా వచ్చాడు మొదటిసారి, పిల్లకు కాపలాగా. అస్రా చెవిలో చెప్పింది, లింబా, కాళ్లు అందరూ చూస్తారు, నువ్వు మొఖం చూడు, కాళ్లు ఎంత మండినా మొఖం చెప్పొద్దని మా టీచర్ అంటుంది. ఇప్పుడు అస్రా వేరే దేశంలో చదువుతోంది, ఆట మానేసింది. డ్రైవర్ మానలేదు. ఆ కోటును వాదీ కబీర్ బస్తీలో కడప దర్జీ అజ్మత్ భుజాలు తగ్గించి కుట్టిచ్చాడు, ప్రతి ఆటకూ ముందు ఇస్త్రీకి తీసుకుపోతే ఒక మాట విసరకుండా ఉండడు. యాందప్పా లింబాద్రీ, మళ్లా పెండ్లికొడుకు యాసం కట్నావు, ఆడోళ్ల కాళ్లు చూసేదానికి కోటు గూడా కావాల్నా అంటాడు. నువ్వు పొద్దుగాల నుంచి మెడలు కొలుస్తవ్, నేను కాళ్లు చూస్త, ఎవల పని వాళ్లది అని లింబాద్రి కోటు లాక్కుంటాడు.

ఆగకుండా ఇరవై నాలుగు చుట్లు తిరిగే తిరుగుడు దగ్గరపడుతోంది. సంగీతం సన్నబడింది. ఆమె కుడివైపు పరిగెత్తి తెరచాటుకు పోయింది, జనానికి ఆమె లేదు. లింబాద్రికి ఉంది. అతని సీటు పై అంతస్తులో ఎడమ మూల, అన్నిటికన్నా చవక సీటు, అక్కడి నుంచి వేదిక మూడో వంతు కనబడదు. కానీ కుడి తెరచాటు లోపలిదాకా కనబడుతుంది. అక్కడొక స్టూలు, ఒక తువ్వాల, నడుముకు టేపు చుట్టలు కట్టుకున్న నల్లబట్టల ముసలామె. ఈ సంగతి రెండో ఆటలోనే కనిపెట్టాడు, అప్పటి నుంచి వేరే సీటుకు పోలేదు, బాబా ఒకసారి కింద ముందు వరస టికెట్ ఇస్తే దాన్ని ఒక ఫిలిప్పీను ముసలామెకు ఇచ్చేసి ఆమె మూల సీట్లో వచ్చి కూచున్నాడు. ముందు వరస వాళ్లకు దక్కనిది ఇక్కడ దక్కుతుంది. వెలుగులో గాలిలా ఉన్న పిల్ల ఒక్క అడుగు చీకట్లోకి పెట్టగానే నడుం వంచి మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఒడ్డున పడ్డ చేపలా పక్కటెముకలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంది. నల్లబట్టల ముసలామె మోకరిల్లి పాదం పట్టుకుంటుంది. ఈమె తువ్వాల కొరుకుతుంది. సంగీతంలో నాలుగు లెక్కలు, అంతే. తువ్వాల కింద పడేస్తుంది, మొఖం వస్తుంది, ఎక్కడి నుంచి వస్తుందో ఆ మొఖం, మళ్లీ వెలుగులోకి పోతుంది. దేవుడి దగ్గర కూడా లింబాద్రి అంత వొంగలేదు, మనసులో ఆ స్టూలు దగ్గర వొంగాడు.

వెలుగులోకి తిరిగొచ్చిన ఆమె వేళ్లు గాలిని నలిపాయి. మొదలైంది. ఒక కాలు మీద నిలబడి రెండో కాలితో గాలిని కొట్టి తిరగడం, ఒకటి, ఆమెతో పాటు పైన దీపం తిరిగింది, రెండు, వెలుగు హాలు గోడల మీదుగా జనం మొఖాల మీదుగా పోయింది, మూడు, నాలుగు, లింబాద్రి మొఖం మీదుగా పోయింది. ఎగురుడు. వాళ్ల ఊళ్లో ఆటను ఎగురుడు అంటారు. తమ పెండ్లయిన మొదటి ఏడు, చిన్నాయన కొడుకు ఊరేగింపు, డప్పులు అందుకున్నాయి, చిన్నవ్వ కొంగు నడుముకు చెక్కి దిగింది. ఏడు, ఎనిమిది. డప్పులోళ్లు ఆమె కాళ్లను చూసి దెబ్బ మార్చారు, ఆమె డప్పును బట్టి ఎగరలేదు, డప్పే ఆమెను బట్టి పోయింది. లింబాద్రి చూశాడు, గుండె నిండిపోయింది, అవును, నిండింది, ఆ సంగతి ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. పక్కన మేనమామ తాగి ఉన్నాడు. నీ పెండ్లాం మంచిగ ఎగురుతదిరా అల్లుడా, రేపటి నుంచి నువ్వు డప్పు కొట్టుకో అన్నాడు. అందరూ నవ్వారు. పన్నెండు, పదమూడు. ఆ ఒక్క మాటకు. ఇంటికి వచ్చాక గడప దగ్గరే ఆపి చెప్పాడు, ఇంకోపాలి ఎగిరితే కాళ్లు విరగ్గొడ్త. ఆమె చెంబెడు నీళ్లతో కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది. ఇరవై ఏడేళ్లు ఎవరి పెండ్లయినా, ఏ డప్పు మోగినా, కాళ్లు చీర కిందికి ముడుచుకుని కూచుంది, వేళ్లు మాత్రం బీడీ ఆకు మలుస్తూ ఉండేవి. అతనొకసారి ఫోనులో చెప్పాడు, ఈడ ఆడపిల్లలు కాలివేళ్ల మీద నిలబడి ఎగురుతరు. చూసొచ్చానని చెప్పలేదు, విల్లా వాళ్లను దింపి వచ్చానన్నాడు. ఆమె అడిగింది, వాళ్లకు నొయ్యదా. నాకేం తెలుసు అన్నాడు. పెండ్లాన్ని ఎగరొద్దన్నవాడు కోటు వేసుకుని వేరేవాళ్ల ఎగురుడుకు దండం పెడుతున్నాడని ఎట్లా చెబుతాడు.

పంతొమ్మిది. ఆనించిన పాదం జారింది. జానెడు కాదు, బెత్తెడు. దీపం ఒక్క రెప్పపాటు తడబడి మళ్లీ అందుకుంది. ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆ రెప్పపాటులోనే ఆమె నవ్వింది, అప్పటిదాకా లేనంత పెద్దగా, మొఖమంతా నవ్వింది, జనం ఆ నవ్వు చూసి చప్పట్లు కొట్టారు. ఇరవై, ఇరవై ఒకటి. లింబాద్రి కొట్టలేదు. అతను కాలు చూశాడు. కాలికి ఏదో అయింది. ఆ నవ్వు. అట్లాంటి నవ్వు అతను ఒకసారి విన్నాడు. చిన్నవ్వకు చక్కెర జబ్బు, చెప్పు కొరికిన పుండు, ఎవరికీ చెప్పక దాచింది, దవాఖానకు పోయాక ముందు వేళ్లు తీశారు, తర్వాత మోకాలి కిందిదాకా. తీసిన మూడో రోజు ఆమే ఫోను చేసింది. ఓ వాణి నాయినా, ఇనవడ్తుందా అంది. కాలు తీసిన్రు అంది. అతను నోరు తెరిచేలోగా నవ్వింది, గలగలా, పదిహేడేళ్ల పిల్లలా. నువ్వన్న మాట ఇరవై ఏడేండ్లకు నిలబెట్టుకున్నవ్ పో అంది. ఇగ ఉంట అంది. కానీ ఫోను కట్ చేయడం ఆమెకు ఎప్పుడూ సరిగ్గా రాదు, అది నడుస్తూనే ఉంది. పక్కన వాడకట్టు దేవవ్వ ఉన్నట్టుంది, తోడుగా దవాఖానలో పడుకునేది. చిన్నవ్వ గొంతు వినబడింది. నవ్విన గదా దేవవ్వా, మంచిగనే నవ్విన గదా. దేవవ్వ అంది, మంచిగనే నవ్వినవ్. అతను ఫోను కట్ చేశాడు. ఇద్దరు ఆడోళ్లు కూచుని తనను మాటతో కొట్టి, దెబ్బ మంచిగ తగిలిందా అని చూసుకుంటున్నారనుకున్నాడు. ఇరవై ఏడేళ్లు దాచిపెట్టి కొట్టిందనుకున్నాడు. మళ్లీ ఫోను చేయలేదు. ఆమె చేసినా ఎత్తలేదు, రెండుసార్లు చేసింది. పదకొండో రోజు వాణి చేసింది, అప్పుడు ఎత్తాడు, అప్పటికి చిన్నవ్వ లేదు.

ఇరవై నాలుగు. దీపం నిలకడగా వెలిగింది, పడవ కనబడింది, హాలంతా లేచింది. ఆమె చేతులు చాచి ఆ నవ్వుతోనే కుడివైపుకు పరిగెత్తింది, తెర అంచు దాటింది, స్టూలు మీద పడింది. కూచోలేదు, పడింది. లింబాద్రి ముందుకు వొంగి ఎదుటి కమ్మీ పట్టుకున్నాడు. ముసలామె మోకాళ్ల మీద కూచుని పట్టీలు విప్పింది, పాదం చేతుల్లోకి తీసుకుంది, అది అప్పటికే ఉబ్బింది, ఇంత దూరానికీ తెలుస్తోంది. డ్యాన్సు ఆమె తన పాదం వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. తనే ముసలామె గడ్డం పట్టుకుని ఆమె మొఖం పైకి ఎత్తి ఏదో అడిగింది. ఏ భాషో, ఏం మాటో, ఈ మూలకు వినబడదు. కానీ అడుగుతూ రెండు వేళ్లు తన పెదవుల చివర్ల మీద పెట్టుకుని పైకి లాగి చూపించింది, నవ్వును. ఇది. ఇది మంచిగ ఉందా. ఇది నిలబడిందా. బయట కూచున్న వాళ్లకు తెలియలేదు కదా. ముసలామె తల ఊపింది. రెండుసార్లు ఊపింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆమె తువ్వాల తీసుకుని నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

లింబాద్రి చేతులు కమ్మీ మీద ఉన్నాయి, అతనికి అవి కనబడలేదు. నవ్విన గదా దేవవ్వా. మంచిగనే నవ్విన గదా. మూడేళ్లుగా ఆ మాటను చెవిలో పెట్టుకుని తిరిగాడు, సీబ్ నుంచి మబేలాకు, మబేలా నుంచి ఏర్‌పోర్టుకు, బండి తోలుతూ నములుతూనే ఉన్నాడు. మాట అదే. గొంతు అదే. గొంతు చివర ఊపిరి అందలేదు, అది కూడా అప్పుడు విన్నాడు, విని పడేశాడు. మూడో రోజు కుట్లు, మత్తు దిగిపోయి ఉంటుంది, మంచం పట్టె పట్టుకుని ఉంటుంది ఒక చేత్తో, రెండో చేత్తో ఫోను. దూరదేశంలో ఉన్న మొగుడు, ఎన్నడో ఒక మాట అన్నవాడు, కాలు పోయిందంటే ముందు ఆ మాటే గుర్తుచేసుకుని కూలబడతాడని ఆమెకు తెలుసు. అందుకని ఆ మాటను ముందే తనే తీసింది, తీసి దాన్ని నవ్వులాట చేసింది, కాళ్లు కడుక్కున్నట్టు కడిగేసింది. కడిగి పక్కనామెను అడిగింది, నిలబడిందా అని. ఆయనకు తెలవలేదు గదా అని. తొమ్మిదేళ్లుగా తెరచాటు చూడడానికే మూల సీటు కొనుక్కున్న మొనగాడు. ఆ తెరచాటు ఫోను నడిచినంతసేపు తన చెవిలోనే ఉంది. కట్ చేసింది తను. ఆ తర్వాత ఆమె ఏ తువ్వాలతో నోరు మూసుకుందో దేవవ్వకే తెలియాలి.

స్టూలు ఖాళీగా ఉంది. ఆమె మళ్లీ వెలుగులో ఉంది, దండాలు పెడుతోంది, ఒక కాలు మీదే బరువు పెట్టి, ఎవరికీ తెలియకుండా. వెయ్యి మంది నిలబడి కొడుతున్నారు. లింబాద్రి కూడా నిలబడ్డాడు. చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ జోడించి నెత్తిమీదికి ఎత్తాడు, ఎవరికి ఎత్తాడో అడిగితే చెప్పలేడు. పక్కనామె అతని మొఖం చూసి కాగితపు రుమాలు ఇచ్చింది, తీసుకోలేదు, కోటు చెయ్యితో తుడుచుకున్నాడు, అజ్మత్ చూస్తే తిడతాడు.

బయట మెట్ల మీద ఇంకా వెలుతురు ఉంది. ఆరుంపావు. ఫోను ఆన్ కావడానికి ఎప్పుడూ ఇంతసేపు పట్టదు. వాణి మొదటి రింగుకే ఎత్తింది.

"నాయినా? నువ్వేనా?"

"షాపు బంద్ కాలే గదా."

"ఇంకా లేదు. ఆయన ముందటనే నిలవడ్డ. ఏది పెట్టాలె?"

"ఎగిరేది."

కోరుట్ల బజారు చప్పుడు వినబడింది, ఒక ఆటో, ఎవరో ఎవరినో పిలవడం. వాణి తర్వాత మెల్లగా, సరే నాయినా, మొఖం వరకు తీసి చీర బొమ్మకు పెట్టమంట అంది.

"వద్దు. వేరే చీర వద్దు. ఉన్నది ఉన్నట్టే పెట్టుమను, నిలువుగ, మొత్తం."

"కాళ్లు మసక మసకగున్నయ్ నాయినా. మంచిగ రావంటుండు. మోకాళ్ల కాడికి తీసేస్తే సాపుగుంటదట."

లింబాద్రి మెట్ల మీద కూచున్నాడు, కోటుతోనే.

"ఎగిరే కాళ్లు మసకగనే ఉంటయ్ బిడ్డా," అన్నాడు. "కొయ్యొద్దని చెప్పు."